తాత చెప్పినాడు కదా నాన్నా!

(తల్లిదండ్రుల పేజీ: 8వ తరగతి విద్యార్థిని తండ్రి, కర్నూలు)



మీలో చాలామందికి నాలాగే బైకు ఉంటుంది. దాని హ్యాండిల్‌కు ఫోన్ స్టాండు కూడా ఉండే ఉంటుంది. పెళ్ళికి పిలిస్తే శుభలేఖ వెనక దారి చదివే రోజులు పోయాయి. "లొకేషన్ పెట్టన్నా" అంటాం, ఫోన్ చెప్పినట్టు వెళ్ళిపోతాం. నేనూ అంతే. కర్నూల్లో మోటార్ రివైండింగ్ షాపు నడుపుతాను. రైతులు తెచ్చిన కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, కొత్త వైరు చుట్టి ఇవ్వడం నా పని. అందుకేనేమో మనుషుల కంటే యంత్రాల మీద నాకు నమ్మకం ఎక్కువ. బండి ఆపి ఒకరిని దారి అడగడం మాత్రం మొదటి నుంచీ ఇష్టం ఉండదు. అడిగితే మనకు తెలియదని ఒప్పుకున్నట్టు అవుతుందని ఒక బిడియం.

ఆ బిడియం వల్ల పోయిన దసరా సెలవుల్లో మా పాప కాలికి వాత పడింది. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక చిన్న విషయం. సెలవులకు ముందు జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో క్లాస్ టీచర్ నాతో, "మార్కులు బాగానే ఉన్నాయి సార్. కానీ డౌటు వస్తే అడగదు. అర్థం కాకపోయినా తలూపుతుంది" అన్నారు. ఇంటికి వచ్చాక పాపను కోప్పడ్డాను. "ఇంత ఫీజు కట్టేది దేనికి? అడగడానికి నోరు లేదా?" అన్నాను. పాప ఏమీ మాట్లాడలేదు. మీరు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

బేలం దాకా బాగానే

సోషల్ పాఠంలో గుహల గురించి వచ్చిందని పాప బేలం చూపించమంది. అక్కడి నుంచి గండికోట వెళ్ళి, రాత్రి అక్కడ ఉండి, మరుసటి రోజు తిరిగి రావాలని అనుకున్నాం. చిన్నోడికి జ్వరం తగ్గి రెండు రోజులే అయింది కాబట్టి వాడూ, వాళ్ళమ్మా ఇంట్లోనే ఉన్నారు. నేనూ పాపా ఇద్దరం హెల్మెట్లు పెట్టుకుని పొద్దున ఆరింటికి బయలుదేరాం. ఓర్వకల్లు, పాణ్యం, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, బేలం. ఈ దారి నాకు సగం తెలుసు. తెలియని సగానికి ఫోన్ ఉంది కదా అనుకున్నాను.

కారులో ఫోన్ చూసుకోవడం వేరు, బైకు మీద వేరు. మీకూ అనుభవమే. హెల్మెట్‌లోకి గాలి హోరు తప్ప ఆ అమ్మాయి గొంతు వినిపించదు. వినిపించినా ఊళ్ళ పేర్లు అర్థం కావు. అవుకును "ఔక్" అంది, కోవెలకుంట్లను ఇంకేదో అంది. వెనక కూర్చుని పాప ఒకటే నవ్వు. ఎండ పడితే స్క్రీన్ మీద నా మొహమే కనపడుతుంది. గ్లౌజులు వేసుకుంటే టచ్ పనిచేయదు. పది దాటేసరికి ఫోన్ వేడెక్కి, చల్లబడే దాకా వాడొద్దని హెచ్చరిక వచ్చింది. మన సీమ ఎండకు మనుషులమే తట్టుకోలేం, ఫోన్ ఏం తట్టుకుంటుంది! అవుకులో ఒక చెట్టు కింద బండి ఆపి, తడి టవలు పక్కన పెట్టి, పసిపిల్లకు విసిరినట్టు ఫోన్‌కు విసిరాను.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఎక్కువ సీసీ ఉన్న బైకుల ఇంజన్ అదురు నేరుగా తగిలితే ఫోన్ కెమెరాలోని సున్నితమైన భాగాలు పాడయ్యే అవకాశం ఉందని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో తన వినియోగదారులకు చెప్పింది. చిన్న బండ్లకు కూడా అదురును పీల్చుకునే స్టాండు వాడమంది. అంటే మనం చౌకగా కొనే గట్టి ఇనుప స్టాండు ఫోన్‌కు మంచిది కాదు.

బేలం గుహలు మీరు చూడకపోతే తప్పకుండా పిల్లలను తీసుకెళ్ళండి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర మేర మనం నడవొచ్చు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1982 నుంచి 1984 వరకు జర్మనీకి చెందిన డేనియల్ గెబావర్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది. లోపలికి దిగగానే పాప నా ఫోన్ తీసుకుని చూసింది. మనం ఉన్న చోటును చూపే నీలం చుక్క ద్వారం దగ్గరే ఆగిపోయింది. "నాన్నా, దీని ప్రకారం మనం ఇంకా లోపలికే రాలేదు" అంది. ఉపగ్రహాల సంకేతాలు రాయిని దాటి రావని చెప్పాను. అప్పుడది నవ్వులాటగా ఉంది. రెండు గంటల తర్వాత కాలేదు.

పన్నెండు కిలోమీటర్ల ఆశ

మధ్యాహ్నం మూడున్నరకు గండికోట అని కొట్టాను. రెండు దారులు చూపించింది. ఒకటి జమ్మలమడుగు మీదుగా తారు రోడ్డు. ఇంకొకటి పన్నెండు కిలోమీటర్లు తక్కువ. పెట్రోలు రేటు మీకు తెలుసు కదా, నేను తక్కువ దారే నొక్కాను.

ముందు సిమెంటు రోడ్డు వచ్చింది. ఆ తర్వాత నాపరాళ్ళ గనుల మట్టి బాట. కాసేపటికి అదీ ఒక పెద్ద గుంత అంచున ఆగిపోయింది. నిలువునా కోసిన రాయి, అడుగున పచ్చటి నీళ్ళు. కంచె లేదు, బోర్డు లేదు. ఫోన్‌లో మాత్రం ఆ గుంత మీదుగా నీలం గీత నిక్షేపంగా పోతూనే ఉంది. ఎప్పుడో లారీలు తిరిగిన బాట అది. రాయి తీసేకొద్దీ గుంత బాటను తినేసింది, మ్యాపులో గీత మాత్రం మిగిలిపోయింది. పగలు కాబట్టి చూసి ఆగాం. బండి వెనక్కి తిప్పేసరికి ఫోన్ ఇంకో దారి చూపింది, పొలాల మధ్య బండిబాట.

ఆ బాట మొదట్లో ఒక గొర్రెల కాపరి ఎదురయ్యాడు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. చేయి అడ్డం పెట్టి ఆపాడు.

"యాడికి పోతాండారు సామీ?"

"గండికోటకి తాతా."

"ఈ బాట పోకేం, పోతాది. కానీ నిన్న రేత్రి ఈడ వాన కురిసింది. ముందరంతా నల్లరేగడి. బండి దిగబడతాది. ఎనక్కి పోయి తార్రోడ్డు పట్టుకోండి."

నేను ఫోన్ వైపు చూపించి, "ఇందులో దారి ఉంది తాతా" అన్నాను. ఆయన ఫోన్ చూశాడు, నా వెనక కూర్చున్న పాపను చూశాడు. "సరే సామీ, మీ ఇష్టం" అని పక్కకు తప్పుకున్నాడు.

రేగడి సంగతి మనకు తెలియనిది కాదు. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు తీస్తుంది. వాన పడితే ఉబ్బి జిగురైపోతుంది. అక్టోబరులో శనగ వేయడానికి చేలన్నీ దున్ని ఉన్నాయి. ఎటు చూసినా నల్లటి నేల, ఒక చెట్టు నీడ లేదు. అర కిలోమీటరు పోయామో లేదో చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి ఇరుక్కుని ముందు చక్రం తిరగడం మానేసింది. నేను దిగి నెట్టాల్సింది పోయి యాక్సిలరేటర్ పెంచాను. వెనక చక్రం పక్కకు జారి, బండి కుడి వైపు పడిపోయింది. పాప కాలు సైలెన్సర్ కింద ఉంది.

బండి ఎత్తేసరికి మోకాలి కింద రెండు వేళ్ళ వెడల్పున చర్మం కాలిపోయింది. పాప గట్టిగా ఏడవలేదు. పళ్ళు బిగించి, మట్టిలోనే కూర్చుని ఒక్క మాట అంది.

"తాత చెప్పినాడు కదా నాన్నా!"

సిగ్నల్ లేదు. బ్యాటరీ తొమ్మిది శాతం. పొద్దు వాలుతోంది. మా దగ్గర మిగిలింది అర బాటిల్ నీళ్ళు. పిల్లను ఎత్తుకుని నడవాలా, బండిని వదలాలా, ఏ వైపు నడవాలి, ఏదీ తోచలేదు. మీరు ఎప్పుడైనా పిల్లల ముందు అలా నిలబడ్డారో లేదో నాకు తెలియదు. నిలబడాల్సిన అవసరం రాకూడదనే కోరుకుంటాను.

పది నిమిషాల్లో ఆ తాతే వచ్చాడు, వెంట మనవడు, చేతిలో నీళ్ళ క్యాను. మేము ఎక్కడ ఆగిపోతామో ఆయనకు ముందే తెలుసు. కాలిన చోట పావుగంట పైగా నీళ్ళు పోస్తూనే ఉన్నాం. మనవడు కట్టె పుల్లతో చక్రంలోని మట్టి పెకలించాడు. ముగ్గురం కలిసి బండిని చేను గట్టు మీదుగా తోసుకుంటూ తారు రోడ్డు చేర్చేసరికి చీకటి పడింది. ఐదు వందలు తీసి ఇవ్వబోయాను.

"చెప్పిన మాట తీసుకోలే, దుడ్లు నేనెట్ల తీసుకునేది సామీ?" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తప్పు ఎక్కడుంది?

జమ్మలమడుగులో డాక్టరు కట్టు కట్టారు. మచ్చ ఉండొచ్చు గానీ భయం లేదన్నారు. రాత్రి గండికోట గదిలో పాపను అడిగాను, "తాత చెప్పినప్పుడే నువ్వూ నాతో అనొచ్చు కదా?"

"అంటే తిడతావని."

"తిట్టేదాన్నేముంది?"

"నువ్వు ఎప్పుడూ ఎవరినీ అడగవు కదా నాన్నా. అడిగితే మనల్ని ఏమీ తెలియనోళ్ళు అనుకుంటారని నువ్వే అంటావు." కాసేపు ఆగి, "క్లాసులో కూడా నాకు అట్లే అనిపిస్తుంది" అంది.

టీచర్ మీటింగ్‌లో చెప్పిన జబ్బు ఎవరి దగ్గర అంటుకుందో ఆ రాత్రి అర్థమైంది.

ఫోన్ మీద నాకు కోపం లేదు. నేను యంత్రాల మనిషిని. తప్పు ఎక్కడ జరిగిందో చూశాను. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అవి పంపేది ప్రధానంగా సమయం, తామున్న చోటు. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మనం ఎక్కడున్నామో ఫోన్ లెక్కగడుతుంది. మన ఇస్రో కూడా నావిక్ పేరుతో ఏడు ఉపగ్రహాల వ్యవస్థను రూపొందించింది. అందులో మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. ఇవన్నీ మనం ఎక్కడున్నామో చెబుతాయి, అంతవరకే. దారి చెప్పేది మ్యాపు. ఆ మ్యాపులో గీత గీసినవాళ్ళకు నిన్న రాత్రి వాన కురిసిందని తెలియదు, గని గుంత పెరిగిందని తెలియదు. ఉపగ్రహం అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని అడగకూడనిది అడిగాను. అది చెప్పగలిగిన మనిషి చేయి అడ్డం పెట్టి మరీ చెబితే వినలేదు.

ఇది నా ఒక్కడి సంగతే అనుకోకండి. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఫోన్ చూపిన దారిలో వెళ్తూ, పూర్తికాని వంతెన మీద నుంచి కారు రామగంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు. అంతకు ముందు ఏడాది అక్టోబరులో కేరళలో వాన రాత్రి ఇలాగే ఇద్దరు యువ డాక్టర్లు పెరియార్ నదిలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్తలు చదివినప్పుడు నేను కూడా "కళ్ళు లేవా?" అనుకున్నాను. కళ్ళు అందరికీ ఉంటాయి. చూపు స్క్రీన్ మీద ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో పాపే నావిగేటర్

పొద్దున కోట మీద నుంచి పెన్న లోయను చూశాం. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు చూశాం. పాప కుంటుతూనే అన్నీ తిరిగింది. బయలుదేరే ముందు ఫోన్ ఆపి బ్యాగులో పెట్టాను. పాప నోట్‌బుక్ వెనక పేజీలో వరుసగా ఊళ్ళ పేర్లు రాయించాను: జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, దువ్వూరు, చాగలమర్రి, ఆళ్ళగడ్డ, నంద్యాల, పాణ్యం, ఓర్వకల్లు, కర్నూలు. "ఈ రోజు దారి నువ్వే చెప్పాలి. తెలియకపోతే నువ్వే అడగాలి" అన్నాను.

మొదటి కూడలిలో గొంతు పెగల్లేదు. నేను బండి ఆపి ఊరికే కూర్చున్నాను. రెండు నిమిషాల తర్వాత పూలమ్మే ఆమెను, "అక్కా, ప్రొద్దుటూరుకి ఎట్ల పోవాల?" అని అడిగింది. ఆమె దారి చెప్పి, కాలికి కట్టు ఏమిటని అడిగి, ఒక మూర పూలు కూడా ఇచ్చింది. ఆ తర్వాత పాపను ఆపడం కష్టమైంది.

మనుషులు కూడా తప్పు చెబుతారు. ప్రొద్దుటూరులో ఒకాయన తెలియదనలేక తోచిన వైపు చెయ్యి చూపించాడు. పాప ఇంకొకరిని అడిగి సరిచేసుకుంది. "ఈడనే" అన్న ఊరు ఏడు కిలోమీటర్లుంది. అప్పటి నుంచి పాప సొంతంగా ఒక సూత్రం పెట్టుకుంది: ఇద్దరిని అడగాలి, ఇద్దరూ ఒకటే చెబితే పోవాలి.

దారిలో టీ తాగుతూ ఏనుగుల వీరాస్వామి గురించి చెప్పాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరాడు. కడప నుంచి అహోబిలం, మహానంది చూసుకుని శ్రీశైలం మీదుగా వెళ్ళాడు. అంటే మన ప్రాంతం గుండానే. ఏ మజిలీ ఎంత దూరం, దారి ఎలా ఉంది, నీళ్ళు ఎక్కడ, సరుకులు దొరికే అంగళ్ళు ఎక్కడ, ఇవన్నీ రాసుకుంటూ పోయాడు. అదే తర్వాత కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకమైంది. "ఇవన్నీ ఆయనకు ఎట్ల తెలిసినాయి?" అంది పాప. "చూసి, అడిగి" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది.

దారి తెలుసుకోవడం మెదడుకు కూడా మంచి పని. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం సుమారు 25,000 వీధులు గుర్తుపెట్టుకోవాలి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో వాళ్ళ మెదళ్ళను పరిశీలించింది. జ్ఞాపకానికీ దారి గుర్తుకూ సంబంధించిన హిప్పోక్యాంపస్ వెనక భాగం మిగతావాళ్ళలో కంటే వాళ్ళలో పెద్దదిగా కనిపించింది. మన పిల్లలేమో వ్యాన్ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతారు. ఒకసారి మీ పాపనో బాబునో అడిగి చూడండి, స్కూలు నుంచి ఇంటికి ఏ సందుల్లో రావాలో. మా పాపకు అప్పటిదాకా తెలియదు.

మీరు బయలుదేరే ముందు

ఫోన్ వద్దని నేను చెప్పడం లేదు. ఇప్పుడూ వాడుతున్నాను. కానీ ఈ పద్ధతిలో:

బయలుదేరే ముందే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేని చోట అదే దిక్కు.

ఊళ్ళ పేర్లు వరుసగా కాగితం మీద పిల్లల చేత రాయించండి. కాగితానికి బ్యాటరీ అయిపోదు.

తక్కువ దూరం చూపే దారి అంటే మంచి దారి అని కాదు. పొలాలు, గనులు, వాగులు ఉన్న చోట తారు రోడ్డే పట్టుకోండి.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డులో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. రాత్రివేళ అటవీశాఖ గేట్లు మూసేస్తుంది. ఆ వేళలు ముందే కనుక్కోండి.

బండి నడుపుతూ ఫోన్ నొక్కకండి. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడాలి. ఏదైనా మార్చాలంటే పక్కన ఆపండి.

సైలెన్సర్‌కు గార్డు ఉందో లేదో చూడండి, వెనక కూర్చునే పిల్లలకు మందపాటి నిండు ప్యాంటు వేయండి. కాలితే ముందు చల్లటి నీళ్ళు పోయండి. పేస్టులు, పసుపు పూయొద్దు.

అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లల ముందు ఆపి అడగండి. "నాకు తెలియదు, చెప్తారా?" అనే మాట మన నోటి నుంచి వాళ్ళు వినాలి.

మొన్నటి మీటింగ్‌లో టీచర్‌కు ఈ కథంతా చెప్పాను. "ఇప్పుడు అడుగుతోంది సార్. కొన్నిసార్లు పీరియడ్ అయిపోయినా వదలదు" అన్నారు. మార్కుల గురించి ఆ రోజు నేను అడగడం మరిచిపోయాను.

పాప కాలి మీద మచ్చ ఇంకా ఉంది. ఈ సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం మళ్ళీ ఆ వైపు వెళ్ళాలనుకుంటున్నాం, తారు రోడ్డు మీదే. ఆ తాత గొర్రెలు ఎక్కడ మేపుతున్నాడో ఏ మ్యాపులోనూ ఉండదు. అక్కడ ఎవరినైనా అడుగుతాం.